భయం కాటు

సైరన్ మోగేసరికి పిల్ల కనపడకపోతే ఏం చేయాలి?

ఆ రెండు నెలలూ నా బుర్రను తొలిచిన ప్రశ్న ఇదొక్కటే. బాంబు మా మేడ మీదే పడుతుందేమోనన్న భయం కూడా దీని తర్వాతే. బాంబు ఎక్కడ పడాలన్నది నా చేతిలో లేదు. పిల్లను చంకనేసుకుని మెట్లు దిగడం నా చేతిలో ఉన్న పని. అదే నాకు చేతకాకుండా పోయింది.

మాది మూడో అంతస్తు. సెల్లార్ దాకా యాభై ఎనిమిది మెట్లు. సైరన్ మొదలయ్యాక తొంభై సెకన్ల వ్యవధి ఉంటుందని రేడియోలో చెప్పారు. నేను కెమిస్ట్రీ చదువుకున్నాను, మున్సిపాలిటీవారి నీళ్ళ ల్యాబులో పనిచేస్తాను. ఏ భయాన్నయినా కొలిస్తే సగం తగ్గుతుందని నా నమ్మకం. అందుకని ల్యాబు నుంచి స్టాప్‌వాచ్ తెచ్చి, మా ఐదేళ్ళ అమ్మాయి చేత రోజూ మెట్లు దిగించాను. మొదటి రోజు ఎనభై నాలుగు సెకన్లు. వారం తిరిగేసరికి డెబ్బై ఒకటి. గోడ మీద గ్రాఫు కూడా గీశాను. మా ఆయన ఆసుపత్రిలో జనరేటర్ల మెకానిక్, పది రోజులకోసారి ఇంటికొచ్చేవాడు. ఆ గ్రాఫు చూసి, పిల్ల తల నిమిరి మళ్ళీ డ్యూటీకి వెళ్ళిపోయాడు.

మా అమ్మాయికి మిరియం అని ముద్దుపేరు పెట్టింది మా మామగారు. చూస్తే ఇంతే, కొరికితే తెలుస్తుంది అనేవారు. ఆయన పోయారు. మా అత్తగారికి మెట్లు ఎక్కే మోకాళ్ళు లేవు కాబట్టి యుద్ధం మొదలైన వారానికే చాప, రేడియో, మందుల డబ్బా పట్టుకుని సెల్లార్‌లోనే కాపురం పెట్టేశారు. పొద్దున నేను ల్యాబుకి వెళ్ళే మూడు గంటలూ మిరియం ఆవిడ దగ్గర ఉండేది. మధ్యాహ్నం మాత్రం పైకి రావలసిందే. వెలుతురు లేని చోట దానికి ముద్ద దిగేది కాదు, నిద్ర పట్టేది కాదు.

కసరత్తు మొదలుపెట్టిన తొమ్మిదో రోజున నిజం సైరన్ మోగింది. స్టాప్‌వాచ్ నొక్కి "మిరియం, పద" అన్నాను. గదిలో లేదు. వంటింటి కింది అలమరాలో, గిన్నెల వెనక దొరికింది. రెండోసారి మంచం కింద, సూట్‌కేసు వెనక. మూడోసారి నాలుగు నిమిషాలు వెతికాను. పక్క వీధిలో పేలుడుకి మా కిటికీ అద్దాలు రాలాక చూస్తే, మూలన చుట్ట చుట్టి నిలబెట్టిన పరుపులో ఉంది.

దాక్కునే చోట్లే లేకుండా చేస్తే సరిపోతుందనుకున్నాను. అలమరాలకి తాళాలు వేశాను. మంచం విప్పి చెక్కలు గోడకి ఆనించాను. పరుపు నేల మీద పరిచేశాను. నాలుగోసారి సైరన్ మోగినప్పుడు అది దూరడానికి ఏమీ లేక, తలుపు వెనక గోడకి అతుక్కుని నిలబడింది. రెక్క పట్టుకుని లాగాను. నా బొటనవేలి కింది కండ నోట కరుచుకుంది. రక్తం వచ్చింది. అలాగే ఎత్తుకుని కిందికి పరిగెత్తాను. ఆ రోజు మేం క్షేమంగానే సెల్లార్ చేరాం. కానీ ఆ సాయంత్రం నుంచి నేను దగ్గరికి వెళితే చాలు, పిల్ల రెండడుగులు వెనక్కి వేసేది.

మర్నాడు పొద్దున ఉచ్చు తాత ల్యాబుకి వచ్చాడు.

ఆయన మున్సిపాలిటీలో కుక్కలు పట్టే మనిషి. పద్దెనిమిదో ఏట, గవర్నమెంటు ఉద్యోగమంటే ఎగిరి గంతేసి చేరాడట. ఏ ఉద్యోగమో చేరాకే చెప్పారట. చేతికి ఒక పొడవాటి కర్ర ఇచ్చారు, దాని చివర తాడు ఉచ్చు. ముప్ఫై నాలుగేళ్ళుగా అదే పని. కుక్కల బండి కనిపిస్తే వీధిలో పిల్లలు తలుపులు వేసుకునేవారు. కుక్కలవాడికి పిల్లనెవరిస్తారని పెళ్ళి కూడా కాలేదు. ఊరి చివర కుక్కల షెడ్డు పక్కనే ఒక గది, అందులో ఒక స్టవ్వు, రెండు చొక్కాలు. అంతే ఆయన సంసారం.

యుద్ధం వచ్చాక ఆయన పని తిరగబడింది. ఊరు విడిచిపోయే బస్సుల్లోకి జంతువుల్ని ఎక్కించుకోలేదు. జనం పెంచుకున్న కుక్కల్ని గేట్లకి కట్టేసి బస్సెక్కారు. డీజిల్ లేక కుక్కల బండి కదల్లేదు. ఈయన చెత్త తోపుడుబండి ఒకటి తీసుకుని వీధి వీధీ తిరిగి, వాటిని విప్పి షెడ్డుకి తోలుకొచ్చాడు. అరవై రెండు కుక్కలు, పద్నాలుగు పిల్లులు, ఒక బాతు. బోనుల చెక్క తలుపులన్నీ ఊడబీకి పొయ్యిలో పెట్టాడు. వాటికి వండిందీ ఆ పొయ్యి మీదే.

ఆ రోజు ఆయన చేతిలో ఒక సీసా ఉంది.

"మా కుక్కలు ఈ నీళ్ళు ముట్టుకోవడం లేదమ్మా. రెండ్రోజులైంది. కాస్త చూసిపెట్టు."

"కుక్కల నీళ్ళు మేం చూడం బాబాయ్. ఇప్పుడు ఆసుపత్రివి, జనం తాగేవి చూడ్డానికే మందులు చాలడం లేదు."

"ఇవి జనం తాగేవే. నా షెడ్డుకి వచ్చే పైపే బడికీ వెళ్తుంది. అక్కడ తలదాచుకున్నవాళ్ళలో పిల్లలే నూట పాతిక మంది. వాళ్ళకి కుక్కలకున్నంత ముక్కు లేదు, తాగేస్తున్నారు."

నేను వాసన చూశాను. ఏమీ లేదు. క్లోరిన్ సరిగ్గానే ఉంది. అయినా ఆయన కదలకుండా స్టూలు మీద కూర్చున్నాడు కాబట్టి నూనె పరీక్ష కూడా పెట్టాను. ద్రావణం ఆరాక గాజు పళ్ళెం అడుగున సన్నటి జిడ్డు పొర మిగిలింది. డీజిల్. ఎక్కడో ట్యాంకు పగిలి నేలలోంచి పైపులోకి దిగుతోంది. అప్పటికప్పుడు ఫోన్ చేసి బడి కుళాయి కట్టేయించాను. ట్యాంకరు పంపడానికి మా ఇంజనీరు ఒప్పుకున్నాడు.

ఫోన్ పెట్టేసరికి ఆయన నా చేతికేసి చూస్తున్నాడు.

"ఏ కుక్కమ్మా?"

"కుక్క కాదు బాబాయ్."

"ఏదీ, ఇలా పట్టు." నా చెయ్యి కిటికీ వెలుగులోకి తిప్పాడు. ఆయన చేతుల నిండా పాత కాట్లే, తెల్లగా, సన్నగా. "నిజమే, కోరల్లేవు. చిన్న నోరు. పాలపళ్ళు." తలెత్తి చూశాడు. "మీ అమ్మాయా?"

నాకు తల తీసేసినట్టయింది. జరిగిందంతా చెప్పాను, స్టాప్‌వాచ్ దగ్గర్నుంచి.

"కోపంగా కరిచేది పట్టి గుంజుతుంది, వదలదు," అన్నాడు. "ఇది ఒక్కసారి పట్టి వదిలేసింది. ఇది భయం కాటు."

"దానికి సైరన్ అంటే భయం."

"సైరన్ని కరవలేదుగా. నిన్ను కరిచింది."

ఆయన నా చెయ్యి వదిలి, స్టూలు ముందుకు జరుపుకున్నాడు.

"ఎలా వెళ్ళావు దాని దగ్గరికి? నిటారుగా, ఎదురుగా, పేరు పెట్టి అరుస్తూ, చేతిలో ఒకటి పట్టుకుని. అవునా? నాకు మొదట్లో అలాగే నేర్పారు. అలా వెళ్తే ఒక కుక్క దొరుకుతుంది, వీధిలో మిగతా తొమ్మిదీ నా మొహం గుర్తుపెట్టుకుంటాయి. దాక్కునే చోట్లు కూడా మూసేశానన్నావు. దూరడానికి కన్నం లేని కుక్కే కరిచేది. ఇవాళ వెళ్ళి ముందు ఆ మంచం బిగించు. మధ్యాహ్నం నేనొస్తాను."

"ఒక సంగతి బాబాయ్. అది ముద్ద తినకపోతే... అప్పుడప్పుడు మీ పేరు చెప్పి..."

"ఉచ్చు తాతకి పట్టిస్తానన్నావు." ఆయనకి నవ్వొచ్చింది. "ఈ ఊళ్ళో ముప్ఫై ఏళ్ళ లోపు వాళ్ళందరికీ అన్నం తినిపించింది నేనే. ఒక్క తల్లయినా నాకో ముద్ద పెట్టిందేమో అడుగు."

మధ్యాహ్నం ఆయన వచ్చేసరికి మిరియం బిగించిన మంచం కిందికి దూరిపోయింది. ఆయన దానికేసి చూడనైనా లేదు. హాల్లో నేల మీద, గది గుమ్మానికి వీపు పెట్టి కూర్చుని, సంచిలోంచి తెగిన కుక్క మెడపట్టీ ఒకటి తీసి కుట్టడం మొదలుపెట్టాడు. జేబులోంచి రస్కు తీసి కరకరమని నమిలాడు. నాతో వాన గురించీ, బాతు కుక్కల్ని ఎలా తరుముతోందో దాని గురించీ మాట్లాడాడు. ముప్పావుగంట తర్వాత లేచి, కూర్చున్నచోటే ఒక రస్కు వదిలేసి వెళ్ళిపోయాడు.

"అంతేనా?" అన్నాను మెట్ల మీద.

"అంతే. రేపూ అంతే."

రెండో రోజు మంచం కిందనుంచి ఒక చెయ్యి వచ్చి రస్కు లోపలికి లాక్కుంది. నేను పిలవబోయాను. ఆయన సూది పట్టిన చేత్తోనే వద్దని సైగ చేశాడు.

ఆ రోజు మెట్ల దగ్గర నిలబడి అడిగాను, ఇంత ఓపిక ఎక్కడ నేర్చుకున్నారని.

"ఇలాగే కూర్చుని కుక్కల్ని పట్టేవాణ్ణి. నమ్మి వచ్చి పక్కన పడుకునేవి. అప్పుడు బండెక్కించేవాణ్ణి. చాలావరకు తిరిగి రాలేదు, అప్పటి పద్ధతి అది. ఇప్పుడు చంపమని ఎవరూ చెప్పడం లేదు. మనుషులు వాళ్ళ పనిలో వాళ్ళున్నారు." చెప్పులు వేసుకున్నాడు. "నేర్చుకున్నది మంచిదే. వాడినచోటే మంచిది కాదు."

మూడో రోజు ఒక కుక్కను వెంటబెట్టుకొచ్చాడు. పొట్టి కాళ్ళు, ఒక చెవి చిరిగింది, వయసు మళ్ళి మూతి నెరిసింది. అది గుమ్మంలో నిలబడి ఇల్లంతా వాసన చూసి, నేరుగా వెళ్ళి మంచం కిందే దూరింది. నేను ఒక అడుగు ముందుకు వేశాను. ఆయన మాత్రం కుట్టుకుంటూనే ఉన్నాడు.

లోపల్నుంచి మిరియం గొంతు వినపడింది. "దీని పేరేంటి?"

"సారీ," అన్నాడు ఆయన, వెనక్కి తిరక్కుండానే.

"సారీ ఏంటి?"

"మెడలో చీటీ కట్టి వెళ్ళారు. 'కరవదు, సారీ' అని రాసుంది. రెండింట్లో పేరేదో తెలియక రెండోది పెట్టాను."

మంచం కింద కిసుక్కుమన్న నవ్వు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో లెక్క చూసుకోబోయి మానేశాను.

"దీంతో ఒక తంటా ఉంది," అన్నాడు ఆయన, గోడతో చెబుతున్నట్టు. "సైరన్ మోగితే ఇలాగే దూరుతుంది. బయటికి రాదు. నాకా మోకాళ్ళు అరిగాయి. మీ అమ్మ మంచం కింద పట్టదు. దీన్ని కిందికి దింపే మనిషి ఎవరైనా దొరికితే బావుణ్ణు."

చాలాసేపటికి మిరియం తల బయట పెట్టింది. "ఎలా దింపాలి?"

"లాగకూడదు. అరవకూడదు. ముందు పక్కన కూర్చోవాలి. కాసేపు దానికి వీపు చూపించాలి. తర్వాత మెల్లిగా, పోదామా అనాలి. అది నీకేసి చూశాక లేవాలి."

మిరియం అన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. సారీ ఆ రోజు నుంచి మా ఇంట్లోనే ఉండిపోయింది.

పొద్దుటిపూట అది కూడా పిల్ల వెంట సెల్లార్ మెట్ల దాకా వచ్చి అక్కడే కూర్చునేది. లోపలికి రానిచ్చేవారు కాదు. మా మేడ సెక్రటరీ గారు రిటైరైన ఆడిటరు. సెల్లార్ తలుపుకి తన చేత్తో రాసిన కాగితం అంటించారు: జంతువులకు ప్రవేశం లేదు. ఉచ్చు తాత మెట్ల మీద నిలబడి "సారీ, సారీ" అని కుక్కను పిలుస్తుంటే మా అత్తగారు చాప మీదనుంచే అన్నారు, "మీ మామగారు నలభై ఏళ్ళలో ఒక్కసారి అనని మాట. ఈయన పూటకి వందసార్లు అంటున్నాడు. నేను కుక్కనై పుట్టినా బావుండేది."

ఒక రోజు మధ్యాహ్నం, రెండు దాటాక సైరన్ మోగింది.

సారీ మంచం కిందికి దూరింది. దాని వెనకే మిరియం. నా చేతులు వాటంతటవే ముందుకు చాచుకున్నాయి. స్టాప్‌వాచ్ ల్యాబులో తిరిగి ఇచ్చేశాను గానీ బుర్రలో సెకన్లు తిరుగుతూనే ఉన్నాయి. నాలుగు. ఐదు. మంచం కాలు పట్టుకుని ఎత్తేద్దామా అనిపించింది. కిందికి వంగితే రెండు కాళ్ళు అందేవి.

కూర్చున్నాను. నేల మీద, మంచానికి వీపు పెట్టి. నా జీవితంలో అంత బరువైన పని ఇంకోటి చేయలేదు. తొంభై సెకన్లలో కొన్ని నేలపాలు చేస్తున్నానని తెలుసు. ఎదురుగా గోడ మీద నేను గీసిన గ్రాఫు. పన్నెండు. పదమూడు.

"సారీని కిందికి తీసుకెళ్ళాలి," అన్నాను, గోడతో. నెమ్మదిగా అన్నాను. "నా ఒక్కదానివల్ల కాదు."

ఇరవై. ఇరవై ఒకటి.

"అమ్మా, నువ్వు లేవకు," అంది మిరియం. "అది నాకేసి చూస్తోంది."

అక్కడితో నా లెక్క ఆగిపోయింది. వెనక ఏదో రాసుకున్న చప్పుడు, గోళ్ళ చప్పుడు. తర్వాత నా భుజం పక్కనుంచి ఒక నెరిసిన మూతి బయటికొచ్చింది, దాని మెడ మీద ఒక చిన్న చెయ్యి. "పోదామా," అంది మిరియం, నాతో కాదు. కుక్కను నేనెత్తుకున్నాను. నా కొంగు మిరియం పట్టుకుంది. మెట్లు దిగేటప్పుడు నాకంటే అదే ముందుంది.

సెల్లార్ తలుపు దగ్గర సెక్రటరీ గారు. "పిల్లను పంపండి. కుక్క వద్దు. ఇక్కడ ఇరవై ఎనిమిది మంది ఉన్నారు, అందరికీ ఇబ్బంది. కరిస్తే ఎవరిది బాధ్యత?"

"ఇది కరవదు తాతగారూ," అంది మిరియం. "నేనే కరుస్తాను. కావాలంటే అమ్మ చెయ్యి చూడండి."

సెక్రటరీ గారు నా చేతికేసి చూశారు. గాయం ఇంకా మానలేదు. ఆయన పక్కకి జరిగారు. వెనకనుంచి మా అత్తగారు "లోపలికి రానివ్వండి బాబూ, మీకు కరిపించుకునే వయసా" అన్నారు. ఎవరో నవ్వారు. ఆ నవ్వు చీకట్లో ఒకరి నుంచి ఒకరికి పాకింది. తలుపు మూసిన కాసేపటికి ఎక్కడో దూరంగా రెండు పేలుళ్ళు వినపడ్డాయి. దుమ్ము రాలింది. మిరియం కుక్క చిరిగిన చెవిని చేత్తో మూసి పట్టుకుని, "అయిపోతుంది, అయిపోయాక చెబుతా," అని దానితో అంటోంది. నేను గోడకి జారగిలబడి కూర్చుని ఏడ్చాను. ఎన్నో వారాల తర్వాత ఒళ్ళు తేలికపడ్డ ఏడుపు.

ఆ తర్వాత ఇంకో ఆరుసార్లు సైరన్ మోగింది. ఆరుసార్లూ ఇద్దరూ బయటికొచ్చారు. మూడోసారికి సెక్రటరీ గారే కాగితం చింపి, సారీకి ఒక గోనెపట్టా పరిచారు. అది నేల చల్లదనానికి దగ్గుతోందట, ఆ దగ్గు వల్ల తనకి నిద్ర పట్టడం లేదట. కారణం అదేనని అందరికీ చెప్పారు.

సైరన్ మోగి ఇప్పటికి నలభై మూడు రోజులు. ఒప్పందం మీద సంతకాలయ్యాయని రేడియోలో చెప్పారు. బస్సులు తిరిగి వస్తున్నాయి. షెడ్డు ముందు పొద్దున్నే జనం. ఒకాయన గేటు దగ్గర నిలబడి ఈల వేస్తే లోపల్నుంచి ఒక నల్లకుక్క గోడ దూకి వచ్చింది. సారీ కోసం మాత్రం ఇంకా ఎవరూ రాలేదు. వస్తే ఇవ్వాలని మిరియంకి చెప్పాను. ఆలోచిస్తానంది.

ఈ సోమవారం బడి తెరిచారు. నా భయాలకి మళ్ళీ పని దొరికింది. నేను కనపడకపోతే పిల్ల ఏమైపోతుందో. ముందురోజు, ఆదివారం సాయంత్రం షెడ్డుకి వెళ్ళి నా ఉపాయం చెప్పాను: బళ్ళో బొమ్మలుంటాయి, ఆటలో పడ్డాక చప్పుడు చేయకుండా వచ్చేస్తాను, ఏడవకుండా ఉంటుంది.

ఉచ్చు తాత అప్పుడు కుక్కలకి గిన్నెలు పెడుతున్నాడు. నన్ను పక్కకి పిలిచి వాటికేసి చూడమన్నాడు. చాలావరకు గబగబా తింటున్నాయి. ఒక ఎనిమిదో తొమ్మిదో మాత్రం రెండు మెతుకులు తిని తలెత్తి వెనక్కి చూస్తున్నాయి, మళ్ళీ రెండు మెతుకులు, మళ్ళీ వెనక్కి.

"వీటివాళ్ళు చెడ్డవాళ్ళు కాదు," అన్నాడు. "ఏడుపు చూడలేక, గిన్నెలో తిండి పెట్టి, తింటూండగా జారుకున్నారు. నాలుగు నెలలైంది. ఇప్పటికీ కడుపునిండా తినవు. చెప్పి వెళ్ళమ్మా. ఏడిస్తే ఏడవనీ. ఎప్పుడొస్తావో చెప్పు, ఆ వేళకి రా. ఆటలో ఉండగా మాత్రం వెళ్ళకు."

"ఆ వేళకి రాలేకపోతేనో?"

"అదీ ముందే చెప్పు. నేను రాకపోతే ఎవరొస్తారో చెప్పు. తెలిస్తే చాలు, ఓర్చుకుంటాయి."

ఇప్పుడు రోజూ బడి గేటు దగ్గర ఆగి చెబుతాను: నేను వెళ్తున్నాను, పన్నెండున్నరకి వస్తాను, నేను రాకపోతే నాన్నమ్మ వస్తుంది. సోమ, మంగళవారాలు ఏడ్చింది. నిన్న కూడా కొంచెం. అయినా చెప్పే వెళ్ళాను.